అభ్యర్థిని ఏమని అడగవచ్చు? ప్రపంచ పేదరికంపై గొంతెత్తే అమెరికా తెలుగువారికి నియమాలు

2026 నవంబరు 3న అమెరికాలో మధ్యంతర ఎన్నికలు. ప్రతినిధుల సభలోని 435 స్థానాలకూ, సెనేట్‌లో సుమారు మూడో వంతు స్థానాలకూ పోటీ ఉంటుంది. పేద దేశాలకు అందే సాయాన్ని కాపాడమని అభ్యర్థులను అడగడానికి మనవాళ్లు ఉత్సాహంగా ముందుకొస్తున్నారు. చాలామంది వీసా మీద ఉన్నవారు కావడంతో సందేహాలూ ఎక్కువే.

ఈ జవాబుల్లో నాలుగు మాటలకు నిర్దిష్టమైన అర్థం ఉంది. 'అభ్యర్థి' అంటే ఫెడరల్ పదవికి పోటీ చేసే వ్యక్తి. 'విదేశీ పౌరుడు' అంటే అమెరికా పౌరసత్వం గానీ గ్రీన్ కార్డు గానీ లేని వ్యక్తి. హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1, ఓపీటీ, బీ-2 వారందరూ ఇందులోకే వస్తారు. 'ధార్మిక సంస్థ' అంటే సెక్షన్ 501(సి)(3) కింద పన్ను మినహాయింపు పొందిన సంస్థ. 'స్వచ్ఛంద సేవ' అంటే ఎవరి నుంచీ ఏ ప్రతిఫలమూ తీసుకోకుండా చేసే పని.

1. అడిగే హక్కు పౌరులకే ఉందా?

లేదు. మాట్లాడే స్వేచ్ఛ, ప్రభుత్వానికి విన్నవించుకునే హక్కు రాజ్యాంగ మొదటి సవరణలో ఉన్నాయి. వాటిని ఓటర్లకే పరిమితం చేయలేదు. ఇలా అడగడం కొత్త కూడా కాదు. 2008 అధ్యక్ష ఎన్నికల్లో పేదరికంపై పోరాడే 'వన్' సంస్థ కార్యకర్తలు రెండు పార్టీల అభ్యర్థులనూ ఇదే విషయంపై నిలదీశారు. ఒక హెచ్చరిక మాత్రం చెప్పాలి. 2019 నుంచి వీసా దరఖాస్తులో గత ఐదేళ్ల సోషల్ మీడియా ఖాతాల వివరాలు అడుగుతున్నారు. చట్టం ఒప్పుకున్న మాటను వీసా అధికారి కూడా అదే దృష్టితో చూస్తారని నేను హామీ ఇవ్వలేను.

2. ఇంతకీ ఏమని అడగాలి?

"ప్రపంచంలో పేదరికం పోవాలా?" అని అడిగితే వద్దనే అభ్యర్థి ఉండరు. అది ప్రశ్నే కాదు. 1961లో ఏర్పడిన అమెరికా విదేశీ సాయ సంస్థ యూఎస్‌ఏఐడీ 2025 జులై 1తో మూతపడి, మిగిలిన పనులు విదేశాంగ శాఖకు వెళ్లాయి. 2003లో బుష్ ప్రారంభించిన ఎయిడ్స్ నివారణ పథకం 'పెప్‌ఫార్' నిధులు ఏటా కాంగ్రెస్ కేటాయింపుల మీదే ఆధారపడతాయి. ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది. కాబట్టి, "వచ్చే కేటాయింపుల బిల్లులో ఈ పథకానికి మీరు ఓటు వేస్తారా?" అని అడగండి. జవాబును లిఖితపూర్వకంగా కోరండి. బడ్జెట్‌లో పెద్ద భాగం విదేశాలకే పోతోందని అభ్యర్థి అంటే, ఏళ్ల తరబడి ఆ వాటా దాదాపు 1 శాతమే ఉండేదని మర్యాదగా గుర్తు చేయవచ్చు.

3. విదేశీ పౌరుడు అభ్యర్థి ప్రచారంలో పనిచేయవచ్చా?

స్వచ్ఛంద సేవగా అయితే చేయవచ్చు. ఫోన్లు చేయడం, ఇంటింటికీ తిరగడం, సభల్లో సాయపడడం ఇందులోకి వస్తాయి. డబ్బు విషయంలో మాత్రం పూర్తి నిషేధం. విరాళం గానీ, ఎన్నికల ఖర్చు గానీ, నేరుగా గానీ మరొకరి ద్వారా గానీ చేయకూడదు. ఈ నిషేధం ఫెడరల్ ఎన్నికలతో ఆగదు, రాష్ట్ర, స్థానిక ఎన్నికలకూ వర్తిస్తుంది. విరాళాలు ఎవరికివ్వాలి, ఖర్చు ఎలా పెట్టాలి అన్న నిర్ణయాల్లో పాల్గొనడమూ నిషిద్ధమే. "పది డాలర్లే కదండీ" అని అడుగుతుంటారు. చట్టంలో కనీస మొత్తం అంటూ లేదు.

4. హెచ్-1బీ మీద ఉన్నాను. తిరిగినందుకు గిఫ్ట్ కార్డు ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

తీసుకోకండి. ప్రతిఫలం తీసుకున్న క్షణం అది స్వచ్ఛంద సేవ కాకుండా పోతుంది. అనుమతి లేని ఉద్యోగంగా పరిగణించే ప్రమాదం ఉంది. మామూలుగా జీతమిచ్చి చేయించే పనిని మీ చేత ఉచితంగా చేయించినా ఇదే సమస్య రావచ్చు. అలాంటి పని అప్పగిస్తే ముందుగా ఇమిగ్రేషన్ న్యాయవాదిని అడగండి.

5. గ్రీన్ కార్డు ఉంది. విరాళం ఇవ్వవచ్చా? ఓటు?

విరాళం ఇవ్వవచ్చు. 2025-26 కాలానికి ఒక అభ్యర్థికి ఒక ఎన్నికకు పరిమితి 3,500 డాలర్లు. ప్రైమరీ, తుది ఎన్నిక వేర్వేరుగా లెక్క. డబ్బు మీ సొంతమై ఉండాలి. ఇండియా నుంచి నాన్నగారు "ఆయనకు ఇవ్వు" అని పంపిన సొమ్మును మీ పేరుతో ఇస్తే అది రెండు ఉల్లంఘనలు: విదేశీ పౌరుడి విరాళం ఒకటి, ఇతరుల పేరుతో విరాళం మరొకటి.

ఫెడరల్ ఎన్నికల్లో ఓటు మాత్రం వేయకూడదు. ఎక్కువమంది పొరపడేది డ్రైవింగ్ లైసెన్స్ కౌంటర్ దగ్గర. అక్కడ ఓటరుగా నమోదు చేయమంటారా అని అడిగితే యథాలాపంగా 'అవును' అనేస్తారు. పౌరులమని తప్పుగా ప్రకటించినా, ఓటు వేసినా దేశం నుంచి పంపించేయడానికి అది కారణం కాగలదు. పొరపాటు జరిగిపోయి ఉంటే పౌరసత్వ దరఖాస్తు పెట్టక ముందే న్యాయవాదిని కలవండి.

6. మా తెలుగు సంఘం ధార్మిక సంస్థ. ఉగాది వేడుకకు అభ్యర్థిని పిలవవచ్చా?

షరతులతో. అభ్యర్థి హోదాలో పిలిస్తే, అదే పదవికి పోటీ చేస్తున్న ఇతరులకూ సమాన అవకాశం ఇవ్వాలి. ఒకరిని ఉగాది సభకు, ప్రత్యర్థిని పాతికమంది వచ్చే సమావేశానికి పిలిస్తే అది సమాన అవకాశం కాదు. వేదికపై ఎవరికీ మద్దతు ప్రకటించకూడదు, రాజకీయ విరాళాలు సేకరించకూడదు. ఏ అభ్యర్థికీ అనుకూలంగా గానీ వ్యతిరేకంగా గానీ ప్రచారం చేయరాదన్న నియమం 1954 నుంచి ఉంది. ఉల్లంఘిస్తే పన్ను మినహాయింపే పోవచ్చు. సంఘం అధ్యక్షులు వ్యక్తిగా ఎవరినైనా సమర్థించవచ్చు. సంఘం వేదిక, లెటర్‌హెడ్, ఈమెయిల్ జాబితా వాడకూడదు.

7. పేదరికంపై ప్రశ్నావళి పంపి, జవాబులను అచ్చు వేయవచ్చా?

ధార్మిక సంస్థలు తరచూ జారిపడేది ఇక్కడే. ప్రశ్నావళి అభ్యర్థులందరికీ వెళ్లాలి, ప్రశ్నల్లో పక్షపాతం ఉండకూడదు, జవాబులను మార్చకుండా వేయాలి. అంతటితో అయిపోలేదు. అంశాలు విస్తృతంగా ఉండాలి. ఒకే అంశం మీద ప్రశ్నలు వేసి, ఎన్నికల ముందు ఓటర్లకు పంచితే, సంస్థ ఎవరివైపు ఉందో చెప్పకనే చెప్పినట్టని పన్నుల శాఖ భావించవచ్చు. అంటే పేదరికం మీదే పనిచేసే ధార్మిక సంస్థకు పేదరికం ఒక్కదానిపైనే ప్రశ్నావళి ప్రమాదకరం. విడ్డూరంగా ఉన్నా పాటించాల్సిందే. 501(సి)(4) సంస్థలకు ఈ విషయంలో వెసులుబాటు ఎక్కువ. ఎన్నికల పని వాటికి ప్రధాన కార్యకలాపం కాకుంటే చాలు. సంస్థ వనరులు వాడకుండా వ్యక్తులుగా మీరు ఉత్తరం రాసి అడగడానికి ఈ అడ్డంకి లేదు.

8. అభ్యర్థి ప్రస్తుతం కాంగ్రెస్ సభ్యులైతే?

రెండు తలుపులు, రెండు పనులు. బిల్లు గురించి అధికారిక కార్యాలయాన్ని అడగండి; ఎన్నికల హామీ గురించి ప్రచార కార్యాలయాన్ని. బిల్లుపై ఒత్తిడి తేవడం లాబీయింగ్. ధార్మిక సంస్థకు అది పరిమితంగా అనుమతమే. ఫారం 5768 దాఖలు చేసిన సంస్థకు లెక్క స్పష్టంగా ఉంటుంది: సంస్థ లక్ష్యాల కోసం పెట్టే ఖర్చులో మొదటి 5 లక్షల డాలర్లపై 20 శాతం. ఈ వెసులుబాటు చర్చిలకు వర్తించదు. పన్ను చట్టం గుళ్లనూ చర్చిలుగానే లెక్కించవచ్చు కాబట్టి గుడి నిర్వాహకులు ముందుగా విచారించుకోవాలి.

9. సభలో అభ్యర్థి జవాబును ఫోన్‌లో రికార్డు చేయవచ్చా?

బహిరంగ సభలో వేదికపై నుంచి ఇచ్చిన జవాబుకు సాధారణంగా ఇబ్బంది లేదు. ప్రైవేటు స్థలమైతే నిర్వాహకుల మాటే చెల్లుతుంది. వెళ్లమంటే వెళ్లిపోవాలి, లేకుంటే అక్రమ ప్రవేశం అవుతుంది. పక్కకు పిలిచి మాట్లాడిన సంభాషణ సంగతి వేరు. టెక్సాస్, న్యూజెర్సీలలో సంభాషణలో ఉన్న ఒకరి అంగీకారం చాలు. కాలిఫోర్నియాలో ఆంతరంగిక సంభాషణకు అందరి అంగీకారం కావాలి. ఫోన్ తీయక ముందే అడగండి; రికార్డు మొదలయ్యాక ఆ "సరే" అన్న మాటను మరోసారి చెప్పించుకోండి.