ఆరుగురున్నా గాయకబృందమే



ఆగమనకాలం దగ్గరపడుతోంది. మొన్న ఆదివారం పూజ అయ్యాక మా గాయకబృందంలోని ఒక అమ్మాయి వచ్చి, "ఫాదర్ గారూ, మగపిల్లలంతా చదువులకని విజయవాడ, హైదరాబాదు వెళ్లిపోయారు. మేం ఆరుగురమే మిగిలాం. క్రిస్మస్ రాత్రి పూజకు పేట నుంచి కీబోర్డు వాళ్లను పిలిపించి పాడించేద్దామా?" అని అడిగింది. చిల్లకల్లులోనే కాదు, మన మెట్ట ప్రాంతపు విచారణలు చాలావాటిలో ఇదే సమస్య. అందుకే ఈ వారం పాఠం గాయకబృందం గురించి.

ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో కింగ్స్ కాలేజీ అనే కళాశాల ఉంది. ఆరవ హెన్రీ రాజు దానిని 1441లో స్థాపించాడు. అప్పటికి ఇంగ్లండు ఇంకా కతోలిక దేశమే. కళాశాల దేవాలయంలో ఆరాధన పాడడానికి 16 మంది బాలురు ఉండాలని ఆయన నియమించాడు. నేడు ఆ దేవాలయం ఆంగ్లికను సంఘానిది. బాలుర సంఖ్య మాత్రం ఇప్పటికీ 16. వారితో కలిసి కింది స్వరాలు పాడేది విశ్వవిద్యాలయ విద్యార్థులు. చదువు పూర్తికాగానే వాళ్లు వెళ్లిపోతారు, కొత్తవాళ్లు వస్తారు. అంటే మన పిల్లలు వెళ్లిపోయినట్లే అక్కడా వెళ్లిపోతారు. అయినా పాట ఆగలేదు. వెళ్లేవాడు వెళ్లకముందే వచ్చేవాడు నేర్చుకోవడమే దానికి కారణం.

1918 నుంచి అక్కడ క్రిస్మస్ ముందునాటి సాయంత్రం తొమ్మిది పఠనాలు, వాటి మధ్య క్రిస్మస్ గీతాలు ఉండే ఆరాధన జరుగుతోంది. 1928లో అది మొదటిసారి రేడియోలో ప్రసారమైంది. ఈనాడు ప్రపంచమంతా వినే ఆ ఆరాధన ఎలా మొదలవుతుందో తెలుసా? ఏ వాయిద్యమూ లేకుండా, ఒక్క బాలుని గొంతుతో!

ఇక వాళ్లు పాడే పాటల సంగతి. అందులో కతోలికులమైన మనం తప్పక తెలుసుకోవలసిన పేరు విలియం బర్డ్. ఆయన మొదటి ఎలిజబెత్ రాణిగారి ఆస్థాన దేవాలయ సంగీతకారుడు, అయినా కతోలిక విశ్వాసం విడిచిపెట్టలేదు. ఆ రోజుల్లో దివ్యపూజ నిషిద్ధం. 1581 చట్టం ప్రకారం ప్రభుత్వ సంఘపు ఆరాధనకు వెళ్లనివారు నెలకు 20 పౌన్ల జరిమానా కట్టాలి. 1585 నుంచి, విదేశంలో అభిషేకం పొంది వచ్చిన కతోలిక గురువు ఆ దేశంలో ఉండడమే రాజద్రోహం. ఆయనకు తెలిసి ఆశ్రయమిచ్చిన వారికీ మరణశిక్షే. అందుచేత విశ్వాసులు పెద్దల ఇళ్లలో తలుపులు వేసుకుని రహస్యంగా పూజలో పాల్గొనేవారు. ఎసెక్సు ప్రాంతంలో బర్డ్‌ను ఆదరించిన పీటర్ అనే కతోలిక కుటుంబం వారి ఇంట్లో గురువులు దాక్కునే రహస్యపు గదులు నేటికీ ఉన్నాయి.

అలాంటి చిన్న సమూహాల కోసమే బర్డ్ 1592, 1595 సంవత్సరాల మధ్య మూడు పూజలకు స్వరాలు కూర్చి అచ్చు వేయించాడు. ఒకటి నాలుగు గొంతులకు, ఒకటి మూడింటికి, ఒకటి ఐదింటికి. భయంకొద్దీ వాటికి ముఖపత్రం కూడా వేయలేదు. ముగ్గురు ఉంటే చాలు, మహిమగీతం మొదలు దేవుని గొర్రెపిల్ల వరకు పూజంతా పాడుకోవచ్చు! నాలుగు గొంతుల పూజలో 'దేవుని గొర్రెపిల్ల' మొదటిసారి ఇద్దరు పాడతారు, రెండవసారి ముగ్గురు, మూడవసారి శాంతిని వేడుకునేచోట నలుగురూ కలుస్తారు. హింసలో ఉన్న బిడ్డలు ఒక్కొక్కరుగా చేతులు జోడించినట్లుంటుంది.

బర్డ్ 1623లో మరణించాడు. ఆ పూజలు చాలాకాలం మరుగున పడ్డాయి. 1900 ప్రాంతంలో రిచర్డ్ టెర్రీ అనే కతోలిక సంగీతకారుడు వాటిని తిరిగి దివ్యపూజలో పాడించాడు. తరువాత విశ్వవిద్యాలయ బృందాలు అందుకున్నాయి. కింగ్స్ కాలేజీ బృందమే డేవిడ్ విల్కాక్స్ నాయకత్వంలో వాటిని రికార్డు చేసింది. ఒకనాడు తలుపులు వేసుకుని పాడిన పాట నేడు బహిరంగంగా వినిపిస్తోంది.

మరి శ్రీసభ మనకు ఏమి బోధిస్తోంది? రెండవ వాటికన్ మహాసభ 1963లో గాయకబృందాలను శ్రద్ధగా పోషించమంది, అదే సమయంలో విశ్వాసులందరూ తమ వంతు పాడేలా చూడమంది. 1967 నాటి పవిత్ర సంగీత నిర్దేశం ఇంకా స్పష్టంగా చెప్పింది: చిన్న బృందం కూడా ఏర్పడే వీలులేని చోట, బాగా శిక్షణ పొందిన ఒకరిద్దరు గాయకులైనా ఉండాలి. వాళ్లు సులభమైన పాటలు పాడుతూ ప్రజలను నడిపించాలి. ఒకరిద్దరు చాలన్నప్పుడు ఆరుగురు తక్కువా?

కాబట్టి ఆ అమ్మాయికి నేను చెప్పిన మాటలే మీకూ చెబుతున్నాను. మొదటిది, అద్దె బృందం వద్దు. వాళ్లు పాడితే మనం శ్రోతలమవుతాం, పూజలో శ్రోతలకు చోటులేదు. రెండవది, పాటలు తగ్గించండి. నాలుగే పాడండి, నలుగురికీ వచ్చినవి పాడండి. మూడవది, చేలో పని ముగించుకుని వచ్చాక వారానికి రెండు సాయంత్రాలు గుడిలో కూర్చోండి. ఒక్కొక్కరు ఒక చిన్నబిడ్డను పక్కన కూర్చోబెట్టుకోండి. రేపు మీరు అత్తవారింటికో ఉద్యోగానికో వెళితే ఆ బిడ్డ అందుకుంటుంది.

తల్లిదండ్రులారా, మీ నాయనమ్మ జపమాల ముగించి పాడిన పాట మీ ఇంట్లో ఇంకా ఎవరికైనా వచ్చునా? వస్తే ఈ రాత్రే పిల్లలకు నేర్పండి. బర్డ్ పాటలు అచ్చులో ఉన్నాయి గనుక మూడు వందల ఏళ్ల తరువాతైనా దొరికాయి. నాయనమ్మ పాట ఆమె గొంతులోనే ఉంది.