అత్తెసరు నేర్పు పాఠము

వంటను గుఱించి లోకమున రెండు అభిప్రాయములు కలవు. మంచి భోజనము సిద్ధపఱచుటకు ఒక పూట యంతయు పొయ్యి యొద్ద గడుపవలెనని కొందఱు తలంతురు. అంత తీరిక లేనివారు అంగడిలో దొరకిన వేపుడు పదార్థములతోనో, పొట్లములలోని చిరుతిండితోనో కడుపు నింపుకొనక తప్పదని మఱికొందఱు తలంతురు. తల్లిదండ్రులు ఇరువురును పనులకు పోవు ఇండ్లలో ఈ రెండవ అభిప్రాయము సులభముగా వేళ్లూనును. పరికించి చూచినచో రెండును సరియైనవి కావు. ప్రకృతి ఆహారమునందు ఉంచిన సారమును పాఱబోయక నిలుపుకొన్నచో దేహమునకు బలము కలుగును. ఆ సారమును నిలుపు పద్ధతులలో పెక్కు కాలమును గూడ ఆదా చేయును. మానవుడు ఈ సత్యమును సులభముగా తెలిసికొనలేదు. అనేక ప్రాణములు పోయిన పిమ్మట తెలిసికొనెను.

పందొమ్మిదవ శతాబ్దము చివర జావా ద్వీపమున బెరిబెరి యను వ్యాధి ప్రబలియుండెను. ఈ వ్యాధి కలిగిన వారికి కాళ్లు తిమ్మిరి యెక్కి, పట్టు తప్పి, నడక తడబడును. కొందఱికి దేహము ఉబ్బును. గుండె బలహీనమై మరణము గూడ సంభవించును. ఏదియో సూక్ష్మజీవి దీనికి కారణమని ఆ కాలపు వైద్యులు భావించిరి. దానిని వెదకిన వారిలో డచ్చి దేశీయుడైన క్రిస్టియాన్ ఐక్‌మన్ అను వైద్యుడు ఒకడు. ఆయన ప్రయోగశాలలోని కోళ్లకు ఒకప్పుడు కాళ్లు పడిపోయెను. కొంత కాలమునకు అవి తమంత తామే కోలుకొనెను. విచారింపగా ఒక వింత విషయము బయటపడెను. సైనిక వైద్యశాలలో మిగిలిన తెల్లని పాలిషు బియ్యపు అన్నమును ఆ కోళ్లకు కొన్నాళ్లు పెట్టుచుండిరి. తరువాత వచ్చిన వంటవాడు సైనికుల అన్నము కోళ్లకు ఇచ్చుటకు ఒప్పుకొనలేదు. అప్పటి నుండి వానికి పైపొర తీయని ముతక బియ్యము లభించెను, వ్యాధియు మాయమయ్యెను.

బియ్యపు పైపొరలో ప్రాణాధారమైన పదార్థ మొకటి కలదని ఐక్‌మన్ పరిశోధనల వలనను, ఆయన తరువాత గెరిట్ గ్రైన్స్ చేసిన కృషి వలనను తేలెను. 1926లో జావాలోనే యాన్సెన్, డోనాట్ అను శాస్త్రజ్ఞులు ఆ పదార్థమును తవుడు నుండి వేఱు చేసిరి. దానిని నేడు థయమిన్ లేక బి-1 విటమిను అందురు. 1929లో వైద్యశాస్త్రపు నోబెల్ బహుమానమును పొందిన యిద్దఱిలో ఐక్‌మన్ ఒకడు.

ఈ కథ ఆంధ్రులకు పరాయిది కాదు. ఆనాటి మద్రాసు రాజధానిలో బెరిబెరి ముఖ్యముగా ఉత్తర సర్కారులలో కనబడుచుండెను. అన్నపూర్ణలని పేరొందిన కృష్ణా గోదావరీ తీరములును ఈ సర్కారులలోనివే. అట్టి చోట ఆహారలోపము ఏల కలిగెను? దక్షిణమున తమిళ, మలయాళ ప్రాంతములలో ఉప్పుడు బియ్యము వాడుక హెచ్చు. ధాన్యమును నానబెట్టి, ఆవిరి పట్టించి, ఎండబెట్టినచో పైపొరలోని విటమిను కొంత గింజ లోపలికి చొచ్చును. పిదప మరలో ఆడించినను అది పూర్తిగా పోదు. సర్కారులలోని వారు పచ్చి బియ్యమునే తినుచుండిరి. రోకటి దంపుడు సాగినంత కాలము గింజపై కొంత తవుడు నిలిచెను. బియ్యపు మరలు వచ్చిన పిమ్మట అన్నము మల్లెపూవువలె తెల్లనయ్యెను. దాని బలము తవుడుతో తరలిపోయెను. మిగిలిన కొంచెమును బియ్యము పలుమాఱులు కడుగుటచేతను, గంజి వార్చుటచేతను నశించెను. కడుగునీళ్లు, గంజి కుడితితొట్టిలో చేరి పశువులకు దక్కెను. పప్పు, కూర, పాలు తగినంత తినగలవారు తప్పించుకొనిరి. తెల్లని అన్నము తప్ప వేఱు దిక్కు లేనివారికి వ్యాధిభయము హెచ్చయ్యెను.

ఈ వ్యాధిని గుఱించి పరిశోధించుటకై 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ నీలగిరులలోని కూనూరునందు ఒక చిన్న ప్రయోగశాలలో పని ప్రారంభించెను. అదియే క్రమముగా పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ యను పేర ప్రసిద్ధికెక్కినది. బెరిబెరి యిప్పుడు అరుదైనను, అది నేర్పిన పాఠము పాతబడలేదు.

ఆ పాఠము తెలుగు ఇండ్లకు పూర్వము నుండియు పరిచితమైన ఒక మాటలో ఇమిడియున్నది. ఆ మాట అత్తెసరు. బియ్యము పీల్చుకొనునంత నీటినే కొలిచి పోసి, గంజి వార్చకుండ అన్నము వండుట అత్తెసరు పెట్టుట యనబడును. ఇందు వార్చు శ్రమ లేదు. గిన్నె వంచునప్పుడు చేయి కాలునను భయము లేదు. నీరు తక్కువ గనుక వంటచెఱకు గాని, గ్యాసు గాని తక్కువ పట్టును. అన్నింటికంటె ముఖ్యముగా, నీటిలో కరగిన విటమిను అన్నములోనే ఇంకిపోవును. బియ్యమును ఒకటి రెండు సారులు దుమ్ము పోవునట్లు కడిగిన చాలును. నీరు తేటపడువఱకు పులిమి పులిమి కడుగుట సారమును కడిగివేయుటయే.

కూరల విషయమునను ఇదే సూత్రము వర్తించును. సి విటమిను నీటిలో కరగును, వేడికి నశించును, గాలి తగిలిన తఱుగును. కావున ఆకుకూరను, కాయగూరను ముందుగా కడిగి పిదప తఱుగవలెను. తఱిగి నీళ్లలో నానవేయరాదు. తఱిగిన వెంటనే పొయ్యి మీదికి ఎక్కింపవలెను. నీరు కొలదిగా పోసి, మూత పెట్టి, మెత్తబడగానే దింపవలెను. పప్పు త్వరగా ఉడుకుటకు కొందఱు వంటసోడా వేయుదురు. అది బి-1 విటమినును పాడుచేయును. దానికి బదులు పప్పును కొంతసేపు నానబెట్టి, ఆ నీటితోనే ఉడికించుట మేలు.

ఈ సూత్రములన్నియు ఒక్క వంటలో ఎట్లు కలియునో పులగమును చూచిన తెలియును. నలుగురున్న కుటుంబమునకు రెండు గ్లాసుల బియ్యము, ఒక గ్లాసు పెసరపప్పు చాలును. రెండింటిని కలిపి కడిగి, ఎనిమిది గ్లాసుల నీరు పోసి, చిటికెడు పసుపు, కొంచెము జీలకఱ్ఱ, నాలుగు మిరియాలు, తగిన ఉప్పు వేసి పొయ్యి మీద పెట్టవలెను. ఎసరు మరగగానే మంట తగ్గించి మూత పెట్టవలెను. గింజ మెత్తబడులోగా వంట చేయువారి చేతులు ఖాళీగా ఉండనక్కఱలేదు. రెండు కట్టల తోటకూరను కడిగి తఱుగవచ్చును. మూకుడులో చెంచాడు నూనె కాచి, ఆవాలు, వెల్లుల్లి, ఎండుమిరపకాయతో పోపు పెట్టి, ఆకు వేసి మూయవలెను. ఆకు తన తడితోనే కొలది నిమిషములలో మ్రగ్గును. దింపిన పిమ్మట నిమ్మకాయ పిండవలెను; పొయ్యి మీద నుండగా పిండినచో దానిలోని సి విటమిను కొంత వృథా యగును. పెరుగులో దోసకాయ ముక్కలు కలిపినచో పచ్చడియు సిద్ధము. సుమారు అరగంటలో భోజనము ముగియ వండవచ్చును.

ఇంత సులభమైన వంట సంపూర్ణాహారము ఎట్లగును? బియ్యపు మాంసకృత్తులలో లైసిన్ అను అంశము కొఱతగా నుండును. అది పప్పులో సమృద్ధిగా కలదు. పప్పులో తక్కువైన మెథియోనిన్ బియ్యమున కలదు. రెండును కలిసినప్పుడు ఒకదాని లోటును మఱియొకటి తీర్చును. తోటకూరలో ఇనుమును, దేహమున ఎ విటమినుగా మాఱు కెరోటిన్ అను పదార్థమును కలవు. కెరోటిన్ ఒంటబట్టుటకు నూనె తోడు కావలెను; పోపులోని చెంచాడు నూనె ఆ పని చేయును. ఆకులోని ఇనుము ఒంటబట్టుటకు నిమ్మరసములోని సి విటమిను సహాయపడును. భోజనముతో టీ త్రాగుట మాత్రము ఇనుమునకు అడ్డు తగులును. పెరుగు వలన ఎముకలకు కావలసిన కాల్షియము లభించును. పూర్వులు నాలుక రుచి చూచి కూర్చిన పొందికకు నేటి శాస్త్రము ఈ విధముగా సాక్ష్యము పలుకుచున్నది.

పులగము ఒక్కటియే దిక్కని తలంపనక్కఱలేదు. రాత్రి నానవేసిన పెసలను ఉదయమున రుబ్బినచో పెసరట్లు త్వరగా సిద్ధమగును. ఆ పెసలనే తడిబట్టలో కట్టి మొలకెత్తించినచో, పొడి గింజలో లేశమాత్రమైన సి విటమిను మొలకలో వృద్ధి యగును. రాగిపిండితో జావ కాచుటకు పావుగంట చాలును. రాగులలో కాల్షియము మిక్కిలి హెచ్చు. గ్రుడ్డు తినువారికి అంతకంటె శీఘ్రమైన వంట అరుదు. కంది, సెనగ వంటి గట్టి గింజలకు ప్రెషరు కుక్కరు తోడ్పడును. 1679లో డెనిస్ పాపిన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీనికి మూలమైన పాత్రను కల్పించెను. మూతబడిన పాత్రలో ఆవిరి ఒత్తిడి పెరుగుటచే నీరు 100 డిగ్రీల వద్ద మరగక, సుమారు 120 డిగ్రీల సెంటీగ్రేడు వఱకు వేడెక్కును. అందువలననే గింజ త్వరగా ఉడుకును.

త్వరకును తొందరకును భేదము కలదు. సగము ఉడికిన గ్రుడ్డు, మాంసము తినుట ప్రమాదకరము. వండిన అన్నమును వేడి పగటి వేళ గంటల తరబడి బయట నుంచినచో క్రిములు పెరుగును. చేతులు కడుగుకొనుటకు పట్టు కాలమును ఎవ్వరును మిగుల్పరాదు. త్వర యనగా ముందుచూపు. పప్పు ముందుగా నానవేయుట, కూర బాగుచేయుట, ఒక పొయ్యి మీద ఎసరు మరగునప్పుడు మఱియొక పని ముగించుట మొదలగునవి దాని అంగములు. ఈ పనులు ఇంట తల్లి యొక్కతెయే చేయవలసినవి కావు. బియ్యము ఏఱుట, ఆకు ఒలుచుట, నిమ్మకాయ పిండుట బాలురకును బాలికలకును సమానముగా చేతనగును. పది చేతులు కలిసినచో అరగంట వంట ఇంకను తేలిక యగును. తల్లికి గూడ వేడి భోజనము అందరితో కూర్చుండి తిను భాగ్యము కలుగును.

ఇది చిన్న విషయము కాదు. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, దేశమున 15 నుండి 49 ఏండ్ల వయసు గల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనతతో నుండిరి. అయిదేండ్ల లోపు పసివారిలో ఆ సంఖ్య నూటికి 67. రక్తహీనతకు కారణములు పెక్కు కలవు. ఆహారమున ఇనుము చాలకుండుట వానిలో ముఖ్యమైనది. తోటకూర కట్ట, నిమ్మకాయ, గుప్పెడు పప్పు ఆ లోటును ఒక్క దినమున తీర్పజాలవు. ప్రతి దినము కంచములో నున్నచో కొంతకు కొంత తీర్పగలవు. ఉన్నదానిని పాఱబోయక వండుకొను గృహమున కాలమును ఆరోగ్యమును రెండును మిగులును.