రణరంగమున క్యూరీ బండ్లు

1914వ సంవత్సరము ఆగస్టు నెలలో ఐరోపా ఖండమున మహాసంగ్రామము చెలరేగెను. జర్మను సేనలు ఫ్రాన్సు దేశమునందు చొచ్చుకొని వచ్చుచుండెను. సెప్టెంబరు నెలలో ప్యారిస్ నగరమునకే ముప్పు వాటిల్లగా, అచ్చటి వీథులలో బాడుగకు తిరుగు టాక్సీలు వేలకొలది సైనికులను మార్న్ నదీ ప్రాంతమునకు చేరవేసెను. నిన్నటిదాక పౌరులను మోసిన బండ్లు యుద్ధసాధనములయ్యెను. ఆ యుద్ధమునందే మఱికొన్ని కార్లు వేఱొక విధమున రూపు మార్చుకొని, వేలకొలది క్షతగాత్రుల ప్రాణములను నిలిపెను. వాటిని సిద్ధపఱచిన వనిత మేరీ క్యూరీ.

ఆమె 1867లో పోలండు దేశపు వార్సా నగరమున జన్మించెను. భర్తయగు పియరీతో కూడి రేడియము అను మూలపదార్థమును కనిపెట్టెను. 1903లోను, 1911లోను నోబెల్ బహుమానమును పొందెను. అట్టి విదుషీమణి యుద్ధకాలమున తన పరిశోధనలను ప్రక్కకు నెట్టి, గాయపడిన సైనికులకు తన విద్య యెట్లు తోడ్పడునని ఆలోచింపసాగెను.

అప్పటికి వైద్యుల యెదుట గొప్ప చిక్కు ఒకటి ఉండెను. గుండ్లు, ఫిరంగి తునుకలు సైనికుల దేహములలో దిగబడి యుండెడివి. అవి ఎచ్చట నున్నవో పైకి తెలియదు. శస్త్రవైద్యుడు ఊహపై ఆధారపడి మాంసమును కోసి వెదకవలసి వచ్చెడిది. అందువలన బాధయు, రక్తస్రావమును, గాయము కుళ్లుటయు సంభవించెడివి. 1895లో రాంట్జన్ పండితుడు కనిపెట్టిన ఎక్స్ కిరణములు ఈ చిక్కును తీర్పగలవు. కాని ఆ యంత్రములు పెద్ద నగరముల ఆసుపత్రులలో మాత్రమే కలవు. రణరంగమునకు సమీపమున నున్న ఆసుపత్రులలో యంత్రములు లేవు. పెక్కింట విద్యుచ్ఛక్తియు లేదు. గాయపడినవారిని దూరము తరలించుట ప్రమాదకరము.

రోగి యంత్రము కడకు రాలేనిచో యంత్రమే రోగి కడకు పోవలెనని మేరీ నిశ్చయించెను. ఒక మహిళాసంఘము ధనసహాయము చేయగా మొదటి బండి సిద్ధమయ్యెను. తరువాత ఆమె ధనికుల గడపలు త్రొక్కి వారి కార్లను అడిగి తెచ్చెను. యుద్ధము ముగిసినపుడు అవి ఇంకను పనికివచ్చు స్థితిలో నున్నచో తిరిగి యిత్తునని చెప్పెడిది. విలాసమునకై కొన్న కార్ల పైభాగములను కార్ఖానాలవారిచేత మార్పించి, సామగ్రి పట్టునట్లు పెట్టెబండ్లుగా చేయించెను.

ఆ బండిలోని ఏర్పాటు ఇట్టిది. ఒక డైనమోను బండిలో అమర్చిరి. కారును నడుపు ఇంజనే, బండి నిలిచియున్నపుడు ఆ డైనమోను త్రిప్పును. పుట్టిన విద్యుత్తు పొడవైన తీగెల ద్వారా ఆసుపత్రి గదిలోని కిరణయంత్రమునకు చేరును. మడతపెట్టు బల్ల, తెర, ఫొటో పలకలు, కిటికీలకు కట్టు నల్లని తెరలు కూడ బండిలోనే యుండును. బండి చేరిన కొలది సేపటికే గది చీకటియగును, ఇంజను మ్రోగును, తెరపై ఎముకలును, వాటి నడుమ నల్లని గుండును కానవచ్చును. అప్పుడు వైద్యుని కత్తి దారి తప్పదు. సైనికులు ఈ బండ్లను ‘చిన్న క్యూరీలు’ అని ముద్దుగా పిలిచిరి.

అయితే యుద్ధభూమి త్రోవలు బురదమయములు. బండి మార్గమధ్యమున నిలిచిపోయినచో ఆసుపత్రిలో ఒక ప్రాణము పోవచ్చును. కావున మేరీ కారు నడుపుట నేర్చి 1916లో అనుమతిపత్రమును పొందెను. చలిలో హేండిలు త్రిప్పి ఇంజనును కదలించుట, టైరు మార్చుట, మురికిపట్టిన కార్బురేటరును శుభ్రము చేయుట ఆమె స్వయముగా చేసెడిది. రెండు నోబెల్ బహుమానములు పొందిన చేతులకు నూనెమసి అంటుట ఆమెకు చిన్నతనముగా తోచలేదు. ఒకమారు బండి గోతిలో బోల్తాపడి పెట్టెలు ఆమెపై కూలెను. తన గాయములకంటె ఫొటో పలకలు పగిలెనేమోయను చింతయే ఆమెను ఎక్కువగా బాధించెను.

ఆమె కుమార్తె ఐరీన్ యుద్ధము మొదలైన యేట పదునేడేండ్ల బాలిక. ఆమెయు తల్లికి తోడై, పిదప ఒంటరిగనే యుద్ధరంగపు ఆసుపత్రులలో యంత్రములను నడిపెను. ఒకరు ఇద్దఱు చాలరని గ్రహించి మేరీ సుమారు 150 మంది స్త్రీలకు ఈ విద్య నేర్పెను. ఆమె సిద్ధపఱచిన బండ్లు సుమారు 20; ఆసుపత్రులలో స్థాపించిన కిరణశాలలు సుమారు 200. వీటివలన పది లక్షలకు పైగా క్షతగాత్రులు పరీక్షింపబడిరి.

ఈ సేవ వెల లేకుండ లభింపలేదు. ఎక్స్ కిరణములు మితిమీరి సోకినచో దేహమునకు హాని కలుగును. ఆనాటి రక్షణసాధనములు చాలనివి. మేరీ 1934లో రక్తసంబంధమగు వ్యాధితో మరణించెను. దీర్ఘకాలము రేడియముతోను, కిరణములతోను పనిచేయుటయే దానికి కారణమని తలంతురు.

గ్రంథములలోని విద్య గొప్పది. ఆ విద్య బురదత్రోవలు దాటి బాధపడువాని ప్రక్కకు చేరునట్లు చేయుట ఇంకను గొప్పది. టైరు మార్చుటయు ఆ విద్యలో ఒక భాగమేయని క్యూరీ జీవితము మనకు తెలుపుచున్నది.