హెవీ లైసెన్సు

బాలాపూర్‌లో ఒక ఇల్లు. ఆ ఇంటి కొడుకు లారీ డ్రైవరు. నడుం నొప్పి వచ్చి రెండేళ్లుగా ఇంటిపట్టునే ఉంటున్నాడు. కోడలు టాటా ఏస్ బండి నడుపుతుంది. తెల్లవారక ముందే కూరగాయలు తీసుకుపోయి దుకాణాలకు వేసి వస్తుంది. ఇల్లు ఆ బండి మీదే గడుస్తోంది.

ఒకరోజు కోడలు ఒక కాగితం తెచ్చింది.

"అత్తమ్మా, జర ఇది చదువు" అంది.

అత్త రాత్రిబడిలో చదువు నేర్చుకుంది. కూడబలుక్కుని చదివింది. "డ్రైవింగ్... స్కూలు... లారీ... శిక్షణ."

"లారీనా? ఆడోళ్లు నడుపుతరా బిడ్డా?"

"నడిపినోళ్లున్నరు అత్తమ్మా."

ఉన్నారు. భోపాల్‌లో యోగితా రఘువంశీ అనే ఆమె ఉంది. లా చదివింది. 2003లో ఆమె భర్త చనిపోయాడు. లారీల వ్యాపారం ఆమె చేతికి వచ్చింది. కొన్నాళ్లకు ఆమె లారీ హైదరాబాద్ దగ్గర ప్రమాదానికి గురైంది. డ్రైవరు బండి వదిలి పారిపోయాడు. ఆమె మెకానిక్కును వెంటబెట్టుకుని ఇక్కడికి వచ్చింది. బండి బాగు చేయించి తీసుకుపోయింది. ఇక ఒకరి మీద ఆధారపడకూడదని తానే లారీ నేర్చుకుంది. రాష్ట్రాలు దాటి సరుకు మోసింది.

మన తెలంగాణలో వి. సరిత ఉంది. సంస్థాన్ నారాయణపురం దగ్గర తండాలో పుట్టింది. 2015లో ఢిల్లీ ప్రభుత్వ బస్సుకు మొదటి మహిళా డ్రైవరు అయింది. 2025లో మన ఆర్టీసీ బస్సు ఎక్కింది.

అత్త ఏమీ అనలేదు. కాగితం మడిచి దాచింది.

హెవీ లైసెన్సు ఒక్కసారిగా రాదు. 20 ఏళ్లు నిండాలి. అంతకుముందే చిన్న బండి లైసెన్సు ఉండాలి. అది వచ్చి ఏడాది దాటాలి. కోడలికి అది ఉంది. డాక్టరు సర్టిఫికెట్ కావాలి. లెర్నర్ లైసెన్సు తీసుకున్న 30 రోజుల తర్వాతే పరీక్షకు పోవాలి. డ్రైవింగ్ స్కూలు ఇచ్చే సర్టిఫికెట్ కూడా చూపాలి.

ఒకప్పుడు 8వ తరగతి పాసైతేనే ఈ లైసెన్సు ఇచ్చేవారు. 2019లో ఆ నిబంధన తీసేశారు. కోడలు ఐదుతోనే బడి మానేసింది. పాత నిబంధన ఉంటే ఆమెకు దారి లేదు. అయినా రోడ్డు పక్క బోర్డు చదవక తప్పదు. 'ముందు వంతెన ఇరుకు' అని రాసి ఉంటే అది చదవలేని డ్రైవరుకు తెలిసేది వంతెన మీదికి వచ్చాకే.

శిక్షణ మొదలైంది. మొదటి నాలుగు రోజులు స్టీరింగు ముట్టనివ్వలేదు. బండి చుట్టూ తిరగమన్నారు. టైర్లు చూడాలి. నీళ్లు, ఆయిలు చూడాలి. వెనక లైట్లు వెలుగుతున్నాయా చూడాలి. "ఏస్ బండికి నేను ఎన్నడూ ఇంత చూడలే" అని కోడలు ఇంటికొచ్చి చెప్పింది.

తర్వాత బ్రేకు. లారీ బ్రేకు గాలితో పని చేస్తుంది. ఇంజను నడుస్తుంటేనే ట్యాంకులో గాలి నిండుతుంది. మీటరులో ముల్లు పైకి వచ్చేదాకా బండి కదిలించకూడదు. కొందరు డీజిలు మిగులుతుందని దిగుడులో ఇంజను ఆపుతారు. అది ప్రాణం మీదికి తెస్తుంది. ఘాట్ ఎక్కేటప్పుడు ఏ గేరులో ఎక్కుతామో, దిగేటప్పుడూ ఆ గేరులోనే దిగాలి.

ఒకరోజు అత్త మనుమడిని తీసుకుని చూడడానికి వెళ్లింది. నేర్పే సారు ఇంజను ఆపి, ఆమెను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాడు. మనుమడిని బండి ముందు, బంపరు పక్కనే నిలబెట్టాడు.

"మీ మనుమడు ఏడమ్మా?"

అత్త వంగి చూసింది. లేచి చూసింది. పిల్లవాడు కనబడలేదు. "నాకు భయమైతుంది, వాణ్ని తీయుండ్రి" అని కేక వేసింది.

లారీకి ఎడమ పక్కన కూడా అంతే. స్కూటరు మీద పోయేవాళ్లు, నడిచిపోయేవాళ్లు డ్రైవరుకు కనబడరు. డ్రైవరు మనల్ని చూశాడులే అనుకుని లారీ ముందు నుంచి రోడ్డు దాటకండి.

కోడలు పరీక్ష పాసైంది. లైసెన్సు వచ్చింది. శంషాబాద్ వైపు ఒక లారీ ఓనరు పని ఇస్తానన్నాడు. "రేపు రాత్రి బెంగళూరుకు లోడు ఉంది. ఒక్కదానివే పోతే డబుల్ బత్తా ఇస్తా" అన్నాడు.

ఆ రాత్రి ముగ్గురూ కూర్చున్నారు. జడ్చర్ల, కర్నూలు, అనంతపురం మీదుగా బెంగళూరు దాదాపు 570 కిలోమీటర్లు. లోడు లారీ గంటకు 45 కిలోమీటర్లు పోతుందనుకుందాం. అత్త పలక మీద లెక్క కట్టింది. 12 గంటలు దాటింది.

"రాత్రి రెండు దాటినంక కళ్లు తెరిచే ఉంటయి, రోడ్డు మాత్రం కనబడదు" అన్నాడు కొడుకు. "నేను రెండుసార్లు రోడ్డు దిగిన. మీకు చెప్పలే."

అత్త అతని వంక చాలాసేపు చూసింది.

1961లో మోటారు రవాణా కార్మికుల చట్టం వచ్చింది. రోజుకు 8 గంటల పని అని అందులో రాశారు. 5 గంటలు పని చేస్తే అరగంట విరామం ఇవ్వాలని రాశారు. లారీల లోకంలో ఆ మాట పట్టించుకున్నవాళ్లు తక్కువ.

తెల్లారి కోడలు ఓనరుకు చెప్పింది. "ఒక్కదాన్ని పోను. సీనియర్ డ్రైవరు ఉంటేనే పోత. డబుల్ బత్తా వద్దు."

ఓనరు చిరాకు పడ్డాడు. మూడు రోజులు ఫోను చేయలేదు. ఇంట్లో కిరాణా బాకీ ఉంది. అత్తకు మనసు పీకింది. ఒప్పుకొమ్మని మాత్రం అనలేదు. నాలుగో రోజు ఓనరే పిలిచాడు. కొడుకుతో పదేళ్లు కలిసి తిరిగిన డ్రైవరును జతగా ఇచ్చాడు. ఇంటిల్లిపాదికీ అతను తెలిసినవాడే.

మిగిలింది ఇంకో సంగతి. దారిలో ఆడమనిషి ఎక్కడ ఆగాలి? బాత్రూము ఎక్కడ శుభ్రంగా ఉంటుంది? లైట్లు, జనం ఉండే పెట్రోలు బంకులు ఏవి? కొడుకు ఒక్కొక్కటి గుర్తు చేసుకుని చెప్పాడు. అత్త నోటుబుక్కులో రాసింది. రెండు కాగితాలు రాసింది. ఒకటి కోడలి సంచిలో పెట్టింది. ఒకటి గోడకు అంటించింది.

మీ ఇంట్లో ఎవరికైనా లైసెన్సు ఉందా? తీసి చూడండి. ఏ ఏ బండ్లు నడపవచ్చో దాని మీద ఉంటుంది. గడువు తేదీ ఉంటుంది. లారీ లైసెన్సు అయితే 5 ఏళ్లకు ఒకసారి మార్చుకోవాలి. ఆ తేదీని మీ చేత్తో క్యాలెండరు మీద రాయండి.