వాగుగట్లను కాపాడుకొనుట

వాగుగట్టు పనికిరాని నేల యని మనలో పెక్కుమంది తలంతురు. నీటి యంచువరకు నాగలి సాగినచో రెండు సాళ్లు లాభమని యెంచెదరు. ఆ లాభమెంత నిజమో విచారింతము.

కృష్ణా గోదావరి డెల్టాల నడుమనున్న కొల్లేటికి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలగునవి నీటిని తెచ్చును. కొల్లేరు 1999లో వన్యప్రాణుల అభయారణ్యముగాను, 2002లో రాంసార్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగాను ప్రకటింపబడినది. అయినను, సరస్సును కాచి దానికి నీరుతెచ్చు వాగులను విడిచిపెట్టినచో ఫలము చాలదు.

ఏలయన, వరద రాగానే వాలుగచేప ప్రవాహమున కెదురీది, మునిగిన గడ్డినేలలను చేరి గ్రుడ్లు పెట్టును. కొరమీను తుంగలోను జమ్ములోను గూడు చేసి పిల్లలను కాచును. నీటికుక్క గట్టు బొరియలలో ఈనును. గట్టు దున్నినచో వానకు మన్ను జాఱి గ్రుడ్లను కప్పును. పైరుమీది మందు అడ్డులేక నీటిలో కలియును. వాలుగను, మన నదులలోని నునుపు వెండ్రుకల నీటికుక్కను అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘమువారు ముప్పు గల జాతులలో చేర్చియున్నారు. ఇక జాఱిపోయిన మన్నో, మన చేని సారమే.

కావున గట్టువెంట 10 గజముల వెడల్పు దున్నక విడువుడని కోరుచున్నాము. 121 గజముల పొడవునకు ఇది 25 సెంట్లగును. చిన్న రైతున కిది స్వల్పము కాదని మేమెఱుగుదుము. అయితే ఆ నేల ఊరక యుండదు. నీటియంచున తుంగ, రెల్లు అట్లే యుండనిండు. వానిపై వట్టివేరు, ఆపైన ఏరుమద్ది, కానుగ, నేరేడు నాటుడు. వేళ్లు గట్టును పట్టును. నీడ నీటిని చల్లబఱచును. కానుగరొట్ట వరిమడికి ఎరువు. వట్టివేరు లేతయాకు పశువులకు మేత. మందుకొట్టు పంపును మాత్రము వాగులో కడుగరాదు.

ఒకరు కాచిన గట్టును ఎగువవాని గండి ముంచగలదు. కనుక ఇది ఒంటరిగా నెఱవేఱు పని కాదు. వాగు ప్రక్క కమతములుగల సభ్యులు వానలకు ముందే తమ సర్వే నంబర్లతో సంఘ సమావేశమునకు రావలెను. ఎవరి గట్టు ఎన్ని గజములో లెక్కించి, మొక్కలను, వట్టివేరు పిలకలను ఉమ్మడిగా సమకూర్చుకొందము.