గెలుపును ప్రశ్నించిన ఖడ్గవీరుడు

ఓటమి ఎదురైనప్పుడు దానికి కారణాలు వెతకడం మానవ సహజం. గెలిచినప్పుడు కూడా అదే పని చేసేవారు అరుదు. అరవైకి పైగా పోరాటాలలో ఒక్కసారి కూడా ఓడని ఒక వీరుడు తన విజయాలనే శంకించాడు. ఆ శంకకు సమాధానం కోసం ఇరవై సంవత్సరాలు సాధన చేశాడు. ఆయనే జపాన్ దేశపు సమురాయ్ మియమోతో ముసాషి.

ప్రభువుల కొలువులో ఉండి, ఆయుధాలు ధరించే యోధవర్గానికి జపాన్‌లో సమురాయ్‌లు అని పేరు. ముసాషి 1584 ప్రాంతంలో జన్మించాడు. ఆయన యౌవనంలో అడుగిడేనాటికి జపాన్ చరిత్ర మలుపు తిరిగింది. 1600లో జరిగిన సెకిగహారా యుద్ధంతో తొకుగవా వంశం తిరుగులేని బలం సంపాదించి, 1603లో అధికారపీఠాన్ని అధిష్ఠించింది. క్రమంగా యుద్ధాలు తగ్గి దేశంలో శాంతి నెలకొన్నది. కొలువు కోల్పోయిన సమురాయ్‌లు ఎందరో ఊరూరా తిరగవలసి వచ్చింది. వారిని 'రోనిన్'లు అనేవారు. ముసాషి కూడా జీవితంలో అధిక భాగం అట్లాగే దేశసంచారం చేశాడు.

పదమూడవ ఏట తొలి ద్వంద్వయుద్ధంలో గెలిచిన ముసాషి, ఇరవై ఒకటవ ఏట రాజధాని క్యోటో చేరి పేరుపొందిన వీరులను ఎదిరించాడు. 1612లో గన్‌ర్యూజిమా అనే చిన్న ద్వీపంలో ససాకి కొజిరోతో జరిగినట్లు చెప్పే పోరు వీటన్నింటిలో ప్రసిద్ధమైనది. పడవ తెడ్డును చెక్కి చేసిన కొయ్యకత్తితో ముసాషి ఆ పోరులో గెలిచాడని జనశ్రుతి.

ముప్పై ఏళ్లు దాటిన తరువాత ఆయన వెనుదిరిగి చూసుకున్నాడు. తన విజయాలకు విద్యలోని పరిపూర్ణతే కారణమా? పుట్టుకతో వచ్చిన నేర్పా? దైవానుగ్రహమా? లేక ప్రత్యర్థుల విద్యలోని లోపమా? లోకమంతా వీరుడని కీర్తిస్తున్న వేళ, తాను విద్య పరమార్థాన్ని అందుకోలేదని ఆయన గ్రహించాడు. ఉదయం, సాయంకాలం సాధన కొనసాగించి, యాభయ్యవ ఏట గాని దాని మర్మం తెలియలేదని తన గ్రంథంలో చెప్పుకున్నాడు.

1640లో కుమమోతో ప్రభువు హొసొకవా తదతోషి ముసాషిని సగౌరవంగా ఆహ్వానించాడు. ఆ నగరానికి చేరువలోని రెయిగన్‌దో గుహలో 1643లో ఆయన 'గోరిన్ నో షో' అనే గ్రంథరచనకు పూనుకున్నాడు. అందులోని ఐదు భాగాలకు భూమి, జలం, అగ్ని, వాయువు, శూన్యం అని పేర్లు. ఇవి మన పంచభూతాలను గుర్తుకు తెస్తాయి. భారతదేశంలో పుట్టిన బౌద్ధంతోపాటు ఈ భావన జపాన్ చేరడమే అందుకు కారణం.

సమురాయ్ నడుముకు పెద్ద కత్తి, చిన్న కత్తి రెండూ ఉంటాయి. ఉన్న ఆయుధాన్ని ఉపయోగించకుండానే మరణించడం తగదని భావించిన ముసాషి, రెండు చేతులతో రెండు కత్తులు ప్రయోగించే పద్ధతిని బోధించాడు. అయితే ఆయన చూపు కత్తికే పరిమితం కాలేదు. సేనానాయకుణ్ణి ఆయన వడ్రంగి మేస్త్రీతో పోల్చాడు. ఏ కలప దూలానికి పనికివస్తుందో, ఏ పనివానికి ఏ పని అప్పగించాలో మేస్త్రీకి తెలియాలి. సేనాపతికి కూడా అట్టి వివేకమే అవసరం. యోధుడు ఇతర కళలను, వృత్తులను ఎరుగవలెనని, చిన్న విషయాలను నిర్లక్ష్యం చేయరాదని, ప్రయోజనం లేని పని చేయరాదని ఆయన ఉద్బోధ. ఆయన స్వయంగా చిత్రకారుడు. ఎండుకొమ్మపై వాలిన పక్షిని నల్లని సిరాతో చిత్రించిన ఆయన చిత్రం నేటికీ ప్రసిద్ధం.

1645లో, మరణానికి కొద్ది రోజుల ముందు, ముసాషి 'దొక్కోదో' పేర ఇరవై ఒక్క నియమాలు రాశాడు. ఒంటరి బాటసారి మార్గం అని ఆ పేరుకు భావం. జరిగిన దానికి వగవకుండడం, అసూయను విడనాడడం, రుచులకూ ఆస్తులకూ లొంగకుండడం, దైవాన్ని గౌరవిస్తూనే తన ప్రయత్నాన్ని తానే చేయడం వాటి సారం. ఆ సంవత్సరమే ఆయన కన్నుమూశాడు.

ముసాషి కత్తికి బలైనవారు ఉన్నారు. నేటి సమాజం ఆ పోరాటాలను ఆదర్శంగా స్వీకరించదు. కాని గెలుపు వచ్చినంత మాత్రాన విద్య వచ్చినట్లు కాదని గుర్తించిన ఆయన వినయం విద్యార్థులకు ఎన్నటికీ ఆదర్శమే. ఇతరులను జయించడానికి ఆయనకు ముప్పై ఏళ్లు చాలాయి. తనను తాను తెలుసుకోవడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది.

అర్థాలు
శంకించు = సందేహించు
జనశ్రుతి = జనం చెప్పుకునే మాట
పరమార్థం = అసలైన అర్థం
వగచు = దుఃఖించు

ప్రశ్నలు
1. తన విజయాల గురించి ముసాషికి కలిగిన సందేహాలేవి?
2. సేనానాయకుణ్ణి వడ్రంగి మేస్త్రీతో పోల్చడంలోని ఔచిత్యాన్ని వివరించండి.
3. 'గెలుపు వచ్చినంత మాత్రాన విద్య వచ్చినట్లు కాదు' - పాఠం ఆధారంగా సమర్థించండి.