పాత టోపో షీట్‌లో మీ ఊరి వాగు దారి చూడండి

ఫారం పాండ్ తవ్వే ముందు సర్వే ఆఫ్ ఇండియా పాత టోపో షీట్ ఒకసారి చూడండి. పాతవి మైలుకు అంగుళం లెక్కన ఉంటాయి. తర్వాత వచ్చిన 1:50,000 షీట్లలో 2 సెంటీమీటర్లు అంటే 1 కిలోమీటరు.

నీలం: నీళ్లు నిలిచే చెరువులు.
నల్ల గీత: ఎండాకాలం ఎండిపోయే వాగు.
గోధుమ గీతలు: ఎత్తుపల్లాలు. దగ్గరదగ్గరగా ఉంటే వాలు ఎక్కువన్నమాట.

దాన్ని ఇప్పటి శాటిలైట్ ఫోటోతో పోల్చండి. అప్పుడు వాగు, ఇప్పుడు చేను అయితే జాగ్రత్త! పెద్ద వానకి నీళ్లు పాత దారినే వెతుక్కుంటాయి. అక్కడ షెడ్డు వేయకండి.

టోపో షీట్‌లో సర్వే నంబర్లు ఉండవు. అందుకే గ్రామ నక్షా కూడా దగ్గర పెట్టుకోండి, ఊరి పెద్దల్ని అడగండి. పోల్చే పద్ధతి వీడియోలో చూపించాను.